గచ్చు కింద మట్టి

తొమ్మిదయ్యేసరికి గచ్చుకి ఒక పక్కంతా అడుగున బోలు చేశాడు నిదానం. పెరట్లో బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఎడమ చేతిని భుజం దాకా గచ్చు కిందకి పోనిచ్చి, కొస విరిగిన తాపీతో మట్టి గీకి బయటకి లాగుతున్నాడు. వానపాము వస్తే రెండు వేళ్లతో తీసి గోడవారగా వదులుతున్నాడు. సమ్మెట ఇంకా గోడకే ఆని ఉంది. చూసేవాళ్లకి ఇతను పని మొదలుపెట్టాడని కూడా అనిపించదు.

ఆ పేరు అలా వచ్చిందే. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గాని, నలభై ఏళ్లుగా ఎవరూ దాని జోలికి పోలేదు. గచ్చు పగలగొట్టమంటే మిగతావాళ్లు నడిమధ్య నిలబడి బాదుతారు. అడుగున మట్టి పట్టి ఉన్నంతసేపూ గచ్చు విరగదు, వాళ్ల నడుములు విరుగుతాయి. నిదానం ముందు అంచు కింద మట్టి తోడేస్తాడు. గునపం దూర్చి, కింద ఒక రాయి ఊతం పెట్టి, గచ్చుని బెత్తెడు పైకి లేపుతాడు. అప్పుడు కొడతాడు. "కింద నేల లేకపోతే మనిషైనా నిలబడడు," అంటాడు. వేదాంతం అనుకునేరు. ఆయన చెప్పేది పని గురించే.

ఈ రోజు మాత్రం ఆ నిదానానికి గడువు పడింది. సాయంత్రం ఐదింటికల్లా గచ్చు మొత్తం లేవాలి. లేవకపోతే రేపు బావమరిది కొత్తగా కొన్న, గచ్చు పగలగొట్టే మిషను వస్తుంది, నిదానం ఇంట్లో కూర్చుంటాడు.

బావమరిదికి తాపీ పట్టుకోవడం నేర్పింది ఇతనే. ఇప్పుడు వాడు కాంట్రాక్టరు, చేతి కింద పదిమంది. మంచివాడే. పొద్దున్న బండి మీద తెచ్చి దింపుతూ, మొహం చూడకుండా అన్నాడు.

"అరవై ఆరు దాటాయి బావా నీకు. అక్క రోజూ నన్ను తిడుతోంది. ఇక చాల్లే."

"సాయంత్రం దాకా చూడు. అప్పటికీ మిగిలితే నీ మిషనే తెచ్చుకో. నోరెత్తను."

"మాట మీద ఉంటావా?"

"ఎప్పుడు లేను?"

ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో నిదానానికి తెలుసు. మడమ బెణికి ఒకసారి నెల రోజులు కూర్చున్నాడు. ఆ నెలలో వాకిలి మెట్లు వంకరగా ఉన్నాయని రెండుసార్లు పగలగొట్టి కట్టాడు. మూడోసారి సమ్మెట తీయబోతే భార్య అడ్డం పడుకుంది. పని లేకపోతే తనకి పొద్దెలా గూకుతుందో తెలియదు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే నవ్వుతారు కూడాను.

పదింటికి మొదటి దెబ్బ వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. గచ్చు మీద తెల్లటి గీత ఒకటి పడింది, అంతే. రెండోది వేశాడు. మూడోదీ వేశాడు. మోచేతులు జివ్వుమన్నాయి. నిదానం సమ్మెట దించి, ఆ గచ్చుని కాసేపు అనుమానంగా చూశాడు.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఈ గచ్చు వేసింది తనూ, అప్పటికి మీసాలు సరిగా మొలవని ఆ బావమరిదీ. ఇసుక, కంకర కలిపాక నిదానం నీళ్లు తాగి వచ్చాడు. తను సిమెంటు వేశాడో లేదో గుర్తు రాలేదు, వాణ్ణి అడగనూ లేదు. అడిగితే మేస్త్రీ మరిచిపోయాడనుకుంటాడని గబగబా ఒక బస్తా విప్పి పోసేశాడు. ఆ సాయంత్రం ఖాళీ సంచులు ఉండాల్సిన వాటికంటే ఎక్కువ కనబడ్డాయి. వాడు నేల చూపులు చూశాడు, ఇతను ఆకాశం చూశాడు. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నిదానం ఫోను తీశాడు.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు కూడా ఒక బస్తా పోశావు కదూ?"

"నువ్వు మరిచిపోయావనుకున్నాను బావా. చెబితే తిడతావని..." ఆ తర్వాత నవ్వు. "ఎలా తెలిసింది?"

"ఇప్పుడే సమ్మెట చెప్పింది."

"మిషను పంపనా?"

"పెట్టెయ్ ఫోను."

ఆ ఇల్లు ఒక టైలరమ్మది. వెనక గదిలో కుట్టు మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి పెరడంతా కనిపిస్తుంది. గచ్చు వల్ల వాన నీళ్లు ఇంకక గోడంతా చెమ్మెక్కిపోతోందని ఆవిడ బాధ. అంగుళం మట్టి ఎక్కువ తీయడం, బెత్తెడు బదులు జానెడు లేపడం, ఒకే గీత మీద పది దెబ్బలు వేయడం, ఇలా ఇతని పని సాగింది. మధ్యాహ్నం రెండింటికి మొదటి ముక్క ఊడింది. ఆ తర్వాత దారి దొరికింది. ఊడిన ముక్కల్ని గునపంతో దొర్లించుకుపోయి, పెద్దవి కిందా చిన్నవి పైనా గోడవారగా పేర్చాడు. ఎలాగూ పారబోసేవే. అయినా పేర్చాడు.

మూడున్నరకి ఎడమ చేయి భుజం నుంచి చిటికెన వేలి దాకా లాగింది. పొద్దంతా దాని మీదే పడుకున్నాను కదా అనుకున్నాడు. ఒళ్లంతా చెమట పట్టి చల్లబడింది. ఇంకా మూడడుగుల గచ్చు ఉంది. ఐదు దాటిపోతుందేమోనని గుండె దడదడలాడింది. నిజంగా దడ దానికేనా అని ఆలోచించుకునే తీరిక లేకపోయింది.

నాలుగున్నరకి ఆఖరి ముక్క లేచింది. దాని కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎండ చూడని మట్టి. నిదానం దాని మీద అరచెయ్యి పెట్టాడు. ఒక్కడే ఉన్నాడు గనక గట్టిగా నవ్వుకున్నాడు. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా లేదు.

టైలరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "బాబాయ్ గారూ, ఒక్క ముక్క ఉంచేస్తారా? కుళాయి దగ్గర నిలబడితే కాళ్లకి బురదవుతుంది."

చదునైనదాన్ని ఏరాడు. కుళాయి కింద మట్టి సర్ది, ముక్కని పరిచి, మూలల్ని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశాడు. ఒక మూల కొంచెం ఊగింది. చిన్న పెళ్ల దోపాడు. మళ్లీ నొక్కాడు. ఇక ఊగలేదు. అప్పుడు వెళ్లి గోడకి చేరగిలబడ్డాడు.

"కాసిన్ని మంచినీళ్లు ఇవ్వమ్మా."

ఆవిడ గ్లాసు పట్టుకొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. పాపం, అలసిపోయాడనుకుంది. గ్లాసు పక్కన పెట్టి, నిద్ర చెడుతుందని మిషను తొక్కడం మానేసి, చేత్తో గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది.

ఐదింటికి బావమరిది వచ్చాడు. ఖాళీ నేలని చూశాడు. పేర్చిన ముక్కల్ని చూశాడు. మాట్లాడేముందు రెండుసార్లు దగ్గాడు.

"సరే బావా, గెలిచావు. రేపు ఏడింటికి బడి వెనకాల మెట్లు పగలగొట్టాలి. ఆ గోడలు మిషను అదురుకి ఆగవు, నువ్వే రావాలి. అక్కకి మాత్రం ఈ సంగతి నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు."

లేపుదామని వంగి భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయలేక, అక్కడే మట్టిలో కూలబడిపోయాడు.

అందరూ వచ్చి తీసుకెళ్లిపోయాక, చీకటి పడే వేళకి టైలరమ్మ కాళ్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చింది. అతను పరిచిన ముక్క మీద కాలు పెట్టడానికి మనసొప్పక చాలాసేపు పక్కన బురదలోనే నిలబడింది. కుళాయి నుంచి ఒక్కొక్క చుక్కా ఆ సిమెంటు ముక్క నడిమధ్యన పడి, ఏ పక్కకీ జారకుండా నిలుస్తోంది.