విప్పాల్సిన అద్దాలు

మా కూలీలకు పెద్దదిక్కయిన పెద్దక్క దగ్గి, మూతికి కట్టుకున్న గుడ్డ తీసి చూసుకుంది. దాని మీద ఎర్రటి చుక్కలు. గబుక్కున మడిచి బొడ్లో దోపుకుంది. పక్కనే గాజుముక్కలు ఏరుతున్న మేమంతా చూశాం.

ఆ మేడ మీరూ చూసే ఉంటారు మిత్రులారా. ఇరవై అంతస్తులూ అద్దాలే. దాన్ని కూలుస్తున్నారు. "ఇక్కడి ప్రతి గాజుముక్కా మళ్లీ అద్దమవుతుంది" అని గేటుకి పచ్చటి బోర్డు. స్క్రూలు విప్పి, అద్దాన్ని చెక్కుచెదరకుండా దించాలి. అప్పుడే అది కొలిమికి పనికొస్తుంది. కాంట్రాక్టరు మాత్రం తొందరకొద్దీ పైనుంచే పగలగొట్టిస్తున్నాడు. దుమ్ము అణచడానికి నీళ్లు కొట్టడం కూడా మాన్పించాడు. సిమెంటుతో కలిసిపోయిన గాజు లారీల్లో ఎటో పోయేది.

ఎటు పోతోందో ఆ మధ్యాహ్నం లారీ డ్రైవరే చెప్పాడు. అన్నం గిన్నె ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏటిగట్టున పోస్తున్నానక్కా. మీ పేటకి నీళ్లొచ్చే చోటే."

మా అక్క మొగుడు, మా బావ, వాడి కాలరు పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"పిల్లలున్నోణ్ణి అన్నా. పని పోతే?"

"మాకు లేరా పిల్లలు? ఆ నీళ్లు తాగేది వాళ్లేరా!"

"వదులు," అంది పెద్దక్క. "వాడూ మనోడే. పోయమన్నవాణ్ణి అడుగుదాం."

"అడిగితే రేపట్నించి రావద్దంటాడు," ఎవరో గొణిగారు.

"అందర్నీ రావద్దని, మేడెక్కి తనే పగలగొట్టుకుంటాడా, ఆ పొట్టేసుకుని?" అంది పెద్దక్క.

భయంలోనే నవ్వాం. నవ్వుతూనే లేచాం. నిండు లారీ ముందు, గేటుకి అడ్డంగా అరవైమందిమి కూర్చున్నాం.

కాంట్రాక్టరు కారు దిగాడు. "ముక్కలేరుకునేవాళ్లు నాకు పని నేర్పుతారా?"

"ఏరేవాళ్లం కాబట్టే తెలుసయ్యా," అంది పెద్దక్క. "విప్పితే అద్దం. పగలగొడితే మా గుండెల్లో దుమ్ము. బోర్డు మీద రాయించినట్టు చెయ్యి. అంతవరకూ ఈ బండి కదలదు."

"వీళ్ల మీదికి ఎక్కించరా బండి!" అరిచాడు డ్రైవరు మీద.

డ్రైవరు లారీ ఎక్కాడు. ఇంజను మోగింది. లారీ మూరెడు ముందుకొచ్చింది. రేడియేటరు వేడి నా వీపుకి తగిలింది. పక్కనే కూర్చున్న మా అక్క చేయి గట్టిగా పట్టుకున్నాను. ఒక్కరూ లేవలేదు.

ఇంజను ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, తాళంచెవి పెద్దక్క చేతిలో పెట్టి, మా బావ పక్కన చతికిలబడ్డాడు.

కాంట్రాక్టరు ఫోను చేసిన కాసేపటికే పోలీసు జీపు వచ్చింది. పెద్దక్కను రెక్క పట్టి లేపారు. ఎక్కుతూ ఒక్కమాటే అంది: "నేనొచ్చేదాకా ఆగొద్దు. పేటలో అందరికీ చెప్పండి."

"మమ్మల్నీ ఎక్కించుకోండి!" ఆడవాళ్లంతా జీపును చుట్టుముట్టారు. లాఠీలు లేచాయి. మా బావ తల పగిలింది. జీపు కదిలితే దాని వెనకే నడిచాం, నెత్తురు తుడుచుకుంటూ, నినాదాలిస్తూ.

ఆ వీధి పొడుగునా అద్దాల మేడలే. తాళ్లకు వేలాడుతూ అద్దాలు తుడిచేవాళ్లు పైనుంచి చూశారు. "ఏమైంది?" అని కేకేశారు. చెప్పాం. ఒకడు తాడు వదులు చేసుకుని కిందికి జారాడు. వాడి వెనక ఇంకొకడు. పక్క మేడ నుంచి మరో నలుగురు.

స్టేషను చేరేసరికి మా వరస చివర ఎక్కడుందో నాకు కనిపించలేదు.