అంగడి మనిషి

గంగాళంలో నీళ్ళు మరిగి నీలం రంగు అంచుల మీద నురగ కట్టేసరికి, గుండయ్య లుంగీ పైకి మడిచి కట్టుకుని, కర్రకు తగిలించిన నూలు చిలపలను అందులోకి దించాడు. ముంచాలి, తిప్పాలి, పైకి లేపి కారే రంగు చిక్కదనం చూడాలి, మళ్ళీ ముంచాలి. ఒక్కో కర్రకు నలభై ముంపులు. ఆ లెక్క ఆయన నోటితో కాదు, భుజాలతో పెట్టుకుంటాడు.

నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆవిరికి కనుబొమ్మలు పలచబడ్డాయి. చేతులు మోచేతుల దాకా నీలం. గోళ్ళ కింద ఎరుపూ నీలం కలిసి నల్లగా పేరుకున్నాయి. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ నలుపు పోదు. అన్నం ముద్ద మీద కూడా కొంచెం రంగు అంటుకున్నట్టే కనిపిస్తుందని భార్య యాదవ్వ అంటుంది.

ఆ పొద్దున ఆయన గడ్డం గీసుకున్నాడు. గురువారం నాడు గడ్డం గీసుకోవడం యాదవ్వ ఎన్నడూ చూడలేదు.

"యాడికన్న పోతానవా?" అని అడిగింది.

"యాడికి పోత. పనికే."

రొట్టె కూడా ఒకటి ఎక్కువ తిన్నాడు. ఆమె బీడీల చాట ఒళ్ళోకి లాక్కుంటూ ఆయన ముఖం వైపు ఒకసారి చూసింది.

పదకొండు గంటలకు కొత్తవాడలో మగ్గం నేసే గట్టయ్య ఇంటికి చేనేత ఆఫీసు జీపు వస్తుందని నేత సొసైటీ జవాను నిన్ననే రంగుల కార్ఖానాలో చెప్పిపోయాడు. ఎవరో అర్జీ పెట్టారట. ఆ ఎవరో తానేనన్న సంగతి గుండయ్య చిలపలు పిండుతూ లోలోపల చప్పరించాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఎదురుచూస్తున్నది ఈ పదకొండు గంటల కోసమే.

తొమ్మిదేళ్ళ కింద ఆయన రంగుల పనివాడు కాడు. షోలాపూర్‌లో పదకొండేళ్ళు ఒకరి మిల్లులో నిలబడి, ఎడమ చెవి మొద్దుబారి, చివరికి రెండు పాత పవర్లూములు కొనుక్కుని లారీలో వరంగల్ తెచ్చుకున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి వాటిని బిగించాడు. పర్మిటు కోసం కాగితాలు పెట్టాడు. ఇవాళ రా, రేపు రా అన్నారు. ఆగలేక నడిపించాడు. పంతొమ్మిది రోజులు నడిచాయి. ఇరవయ్యో రోజున ముగ్గురు ఆఫీసర్లు వచ్చి, మగ్గాలకు తాళ్ళు చుట్టి, ముడుల మీద లక్క కరిగించి పోసి సీలు వేశారు. వాడంతా వచ్చి చూస్తుండగా గుండయ్య ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాలిన లక్క వాసన ఇప్పటికీ ఆయన ముక్కులో ఉంది. పొట్టకు రంగుల పనిలో చేరి, మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ లోపల మగ్గాలు తుప్పు పట్టాయి. పాత ఇనుము కింద తూకానికి పోయాయి.

అట్లా తిరిగిన తొలి ఏడే ఆఫీసులో ఒక గుమాస్తా జాలిపడి, సీలుకు కారణమైన అర్జీని ఆయనకు ఒక్క నిమిషం చూపించాడు. కింద పేరు లేదు. ఆకాశరామన్న ఉత్తరం. గుండయ్య ఆ రాతను చూసుకున్నాడు: దీర్ఘాలు కొడవళ్ళలా వంగి ఉన్నాయి. 'అనుమతి' అని రాయవలసిన చోట ప్రతిసారీ 'అణుమతి' అని ఉంది.

ఆ వానాకాలమే పేపరు చదువుదామని గ్రంథాలయానికి పోతే, సలహాల పుస్తకంలో అదే రాత కనిపించింది. పాఠకులు తమకు కావలసిన పుస్తకాల పేర్లు రాయడానికి లైబ్రేరియన్ సాంబమూర్తి సారు తన బల్ల పక్కన ఆ లావుపాటి రిజిస్టరు పెట్టాడు. 'పవర్లూములకు అణుమతి ఇవ్వరాదని తెలియజెప్పు పత్రికలు తెప్పించగలరు. ఇట్లు, ఒక నేతగాడు.'

గుండయ్య చాలాసేపు ఆ పేజీ ముందు నిలబడ్డాడు. ఎవరు రాశారని సాంబమూర్తిని అడిగితే, "అది చెప్పుడు నా పని గాదు" అన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ మనిషి చేత ఇంకా రాయించాలి. రాసినకొద్దీ ఎక్కడో ఒకచోట జారకపోడు. గుండయ్య కలం తీసుకుని కింద రాశాడు: 'నా ఇంట్లో నా మగ్గం నడుపుకోవడానికి ఒకరి అనుమతి ఎందుకు? బట్ట నచ్చితే కొంటారు, నచ్చకుంటే మానుకుంటారు. ఇట్లు, అంగడి మనిషి.'

నాలుగో రోజుకు జవాబు వచ్చింది. 'ఒక్క మిషను పది మగ్గాలను మింగును. పది ఇండ్లు పస్తులుండగా ఒక్కని లాభము లాభమా?'

అట్లా మొదలైంది. జవాబులు రాయడానికి గుండయ్య చదవవలసి వచ్చింది. ఎప్పుడో చెదిరిపోయిన ఒక పార్టీ వాళ్ళు పర్మిట్లు వద్దని పంచిన కరపత్రాల కట్ట గ్రంథాలయం అటక మీద దొరికితే, దుమ్ము దులిపి అన్నీ చదివాడు. అందులో ఉన్నది తన షెడ్డు గురించే అనిపించింది. బావి గట్టుకు రెండు సంచుల సిమెంటు కావాలన్నా తహసీలు ఆఫీసులో చీటీ రాయించుకోవడం గురించి రాశాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక ముసలామె హైదరాబాద్‌లో ఉన్న బిడ్డకు బియ్యం మూట తీసుకుపోతుంటే రైల్లో గుంజుకున్న సంగతి రాశాడు. తన వడ్లు, తన మూట, తన బిడ్డ. నడుమ సర్కారుకు ఏం పని అని అడిగాడు. నేతగాడు తగ్గలేదు. బలిసినవాడు అంగట్లో బక్కవాణ్ణి తొక్కకుండా ఎవరు ఆపుతారని తిరిగి అడిగాడు. పగ కోసం పట్టుకున్న మాటలు ఏ ఏడాది నమ్మకమైపోయాయో గుండయ్యకు తెలియలేదు. రిజిస్టర్లు నిండిపోతే సాంబమూర్తి గొణుక్కుంటూనే కొత్తవి కుట్టించాడు. పేపరు కంటే ముందు ఆ పుస్తకం తిరగేసే పాఠకులు పదిమంది దాకా తయారయ్యారు.

నేతగాడు మాత్రం చిక్కలేదు. గుండయ్య వెళ్ళేది పని దిగాక సాయంత్రం. జవాబు ఎప్పుడూ పగటిపూటే వచ్చి ఉండేది. రెండుసార్లు నాగా పెట్టి పొద్దంతా కాపు కాశాడు. ఆ రెండు రోజులూ ఎవరూ రాయలేదు.

చివరికి నెల కింద, రంగు వేసిన చిలపలు ఇవ్వడానికి సైకిల్ మీద పోతుంటే గట్టయ్య ఇంటి గోడ మీద ఆ రాత కనిపించింది. పక్కింట్లోకి రేషన్ దుకాణం వచ్చింది. జనం సైకిళ్ళన్నీ ఆ గోడకే ఆనిస్తున్నారు. కొత్త సున్నం మీద బొగ్గుతో రాసి ఉంది: 'ఇచ్చట సైకిళ్ళు నిలుపుటకు అణుమతి లేదు.' దీర్ఘాలు కొడవళ్ళలా వంగి ఉన్నాయి.

డెబ్బై ఏళ్ళ గట్టయ్య. సీలు వేసిన రోజున "బాధపడకు బిడ్డా" అని భుజం తట్టిన గట్టయ్య.

గుండయ్య ఆ రోజు అక్కడ ఆగలేదు. చిలపలు ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంటి మీద కన్నేసి చూశాడు. గట్టయ్య చేతులు వణుకుతున్నాయి. మగ్గం మీద పడుగు లేదు. సొసైటీ కార్డు మీద తక్కువ ధరకు వచ్చే నూలును ఆయన బయట అమ్ముకుంటున్నాడు. ముసలివాళ్ళిద్దరూ దాని మీదే బతుకుతున్నారు. గుండయ్య ఇంటికి వచ్చి అర్జీ రాశాడు: 'సొసైటీ నూలును దొంగతనముగా అంగట్లో అమ్ముకొనుచున్నాడు.' నిరుడు ఎండాకాలం సలహాల పుస్తకంలో తానే రాసిన మాట ఆయనకు గుర్తుంది: తన చేతికి వచ్చిన నూలు అమ్ముకునేవాడు దొంగ కాడు, వాణ్ణి దొంగను చేసేది కాగితం. పోస్టు డబ్బా ముందు ఆ మాటకు చెయ్యి ఒకసారి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు లక్క వాసన దానికంటే గట్టిగా ఉంది. కవరు లోపలికి జారవిడిచాడు. రాత మార్చలేదు. పేరు పెట్టలేదు గాని, తన మామూలు రాతతోనే రాశాడు. గట్టయ్య గుర్తుపట్టాలి.

పదకొండు కాకముందే గుండయ్య చిలపల మూట సైకిల్ వెనక కట్టుకుని కొత్తవాడ చేరాడు. రేషన్ దుకాణం నీడలో నిలబడ్డాడు. జీపు వచ్చింది. చలువ కళ్ళద్దాల ఆఫీసరు, సొసైటీ సెక్రటరీ, జవాను లోపలికి పోయారు. వాడ జనం గుమిగూడారు. గుండయ్య ముందుకు జరిగి గడప దగ్గర నిలబడ్డాడు.

"మగ్గం మీద పడుగు లేదు. నెలనెలా నూలు తీస్తున్నారు. ఎక్కడికి పోతోంది?" అన్నాడు ఆఫీసరు.

"అమ్ముకుంటాన సార్," అన్నాడు గట్టయ్య. "చేతులు వణుకుతానయ్. నేసుడైతలేదు."

అబద్ధమాడతాడనీ, కాళ్ళు పట్టుకుంటాడనీ గుండయ్య అనుకున్నాడు. ఆ రెండూ జరగలేదు. ఆఫీసరు కార్డు తీసుకుని దాని మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి సెక్రటరీకి ఇచ్చాడు. అంతే. తాళ్ళు లేవు, లక్క లేదు. ఇంత తొందరగా అయిపోతుందని గుండయ్య అనుకోలేదు.

"ఆ అర్జీ జర చూపియ్యుండ్రి సార్," అన్నాడు గట్టయ్య.

ఆఫీసరు ఒక క్షణం ఆలోచించి ఇచ్చాడు. గట్టయ్య కాగితాన్ని చెయ్యి చాపినంత దూరం పెట్టుకుని చదివాడు. చదవడం అయ్యాక కూడా చాలాసేపు దాన్నే చూసి, నాలుగు మడతలు సరిచేసి తిరిగి ఇచ్చేశాడు. గుమ్మం వైపు చూడలేదు. చూస్తాడని గుండయ్య తల ఎత్తి, గీసుకున్న గడ్డంతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

జీపు పోయాక గట్టయ్య భార్య బక్కమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి గుండయ్యకు ఇచ్చింది. ఎండన పడి వచ్చాడని ఆమెకు జాలి.

"నువ్వు సదువుకున్నోనివి బిడ్డా. ఎవలు రాసిండ్రో జర ఎర్కజెయ్యరాదు? మేం ఎవలకేం జేసినం?"

"నాకెట్ల తెలుస్తది పెద్దమ్మా," అన్నాడు గుండయ్య. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చెంబు మొత్తం తాగాడు. చెంబు మీద నీలం వేలిముద్రలు పడ్డాయి. లుంగీ అంచుతో తుడిచి ఇచ్చాడు.

మధ్యాహ్నం ఎరుపు వేశాడు. ఒక కర్రకు ముంపులు తప్పాయి, చారలు పడ్డాయి. కార్ఖానా షావుకారు తిట్టాడు. గుండయ్య మళ్ళీ ముంచాడు. సంతోషం వస్తుందేమోనని సాయంత్రం దాకా చూసుకున్నాడు.

ఆరు గంటలకు గ్రంథాలయం మెట్లెక్కేసరికి సాంబమూర్తి బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "గట్టయ్య ఇయ్యాల నీకోసమే ఉన్నడు. పాలకు పోయొస్తాన, జర కూసుంట అన్నడు. గంటైతాంది."

"నాకోసమా?"

"అంగడి మనిషివి నువ్వేనని ఆయనకు తొలి ఏడే తెల్సు గుండయ్యా. పేజీల మీద నీ రంగు వేళ్ళు పడ్తయి గద. నువ్వు వచ్చే యాళకు ఆయన రాకపోతుండె. నువ్వు నాగా పెట్టి కూసున్ననాడు గుమ్మంల నుంచే మర్లిపోయిండు."

చివరి బల్ల దగ్గర, పేపరు మీదికి వంగి, గోడవైపు తిరిగి గట్టయ్య కూర్చుని ఉన్నాడు. తెల్లటి మెడ మీద ముడతలు కనిపిస్తున్నాయి. గుండయ్య అటు పోలేదు. సలహాల పుస్తకం తెరిచాడు. సిరా ఇంకా కొత్తగా ఉంది.

'అంగడి మనిషికి. డెబ్బై నాలుగుల ఆ అర్జీ నేనే రాసిన. అప్పుడు మా వాడల పన్నెండు మగ్గాలుండె. నీ మిషన్లు నడిస్తే అవి పండుకుంటయని రాసిన. మళ్ళ ఆ దినమొస్తే మళ్ళ రాస్త. ఇయ్యాల నీ అర్జీ చదివిన. నువ్వు ఎవలకోసం రాసినవో ఇక్కడ రాయి. చదివి పోత. ఇట్లు, గట్టయ్య, నేతగాడు.'

తొమ్మిదేళ్ళలో ఆయన తన పేరు పెట్టడం ఇదే మొదటిసారి.

గుండయ్య కలం తీశాడు. జవాబు చేతివేళ్ళ దాకా వచ్చి ఉంది. నా మిషన్లు పోయినా నీ పన్నెండు మగ్గాలు నిలిచాయా? ఇప్పుడు మూడే కదా ఉన్నవి? నన్ను ముంచి నువ్వు ఎవరిని తేల్చావు? ఆ మాటల్లో తప్పు లేదు. ఏ పాఠకుడు చదివినా గెలిచింది అంగడి మనిషే అంటాడు. 'నా మిషన్లు' అని రాసి ఆగిపోయాడు. గట్టయ్య అడిగింది అది కాదు.

దాన్ని కొట్టేశాడు. కింద రెండే మాటలు రాశాడు. 'నా కోసం.' దాని కింద గుండయ్య అని సంతకం పెట్టాడు.

పుస్తకం చేతిలో పట్టుకుని చివరి బల్ల దాకా నడిచి, ముసలాయన ముందు పెట్టాడు.

"రాసిన కాకా. సదువు."

గట్టయ్య కదల్లేదు. గుండయ్య ఇంకోసారి పిలిచాడు. భుజం మీద చెయ్యి వేస్తే, ఆ భుజం చేతి కిందనే నెమ్మదిగా పక్కకు ఒరిగింది. చెంప కింద పేపరు కొంచెం తడిసి ఉంది. కళ్ళద్దాలు ముక్కు మీద ఉన్నట్టే ఉన్నాయి.

సాంబమూర్తి వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, వదిలేశాడు. పేపర్లు చదువుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో రిక్షా పిలుచుకొచ్చారు. నలుగురూ పట్టుకుని మెట్లు దించుతుంటే గుండయ్య కాళ్ళ వైపు పట్టుకున్నాడు. మనిషి బరువు లేడు, రెండు నూలు మూటలంత కూడా లేడు.

"నేను తోల్కపోత. నువ్వు తలుపులు దగ్గరికేసి, ముందుగాల పోయి బక్కమ్మకు చెప్పు," అన్నాడు సాంబమూర్తి.

గుండయ్య ఒక్కడే లోపలికి వచ్చాడు. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. ఆ పేజీ చింపలేదు. మూసి, సాంబమూర్తి బల్ల పక్కన ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. బక్కమ్మకు ఏమని చెప్పాలో ఒకసారి లోపలే అనుకుని చూసుకున్నాడు. కిటికీలు వేయడానికి చివరి బల్ల దగ్గరికి పోయాడు.

కిటికీ గట్టు మీద, గుడ్డపేలికతో మూతి కట్టిన పాలసీసా ఒకటి ఉంది. పైన వేలెడు మందాన మీగడ తేలుతోంది.