అత్తగారి పరీక్ష

"ఆ పెట్టె వైరు పీకేశానమ్మాయ్, మావాడి చొక్కా ఇస్త్రీ చెయ్యాలి" అన్న అత్తగారి కేక వినపడగానే ఆమె తడిబట్టల బకెట్టు అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఇంకెక్కడిది! మూడు రోజులుగా ఆగకుండా నడుస్తున్న పాత కంప్యూటరు నోరు మూసుకుని కూర్చుంది. దాని ప్లగ్గులో ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది.

"మూడు రోజుల పని పోయింది అత్తయ్యా."

"ఏం పని? అదేదో గుయ్యిమంటోంది, నువ్వు బట్టలుతుకుతున్నావు. దాన్ని పని అంటారా?"

ఆ గుయ్యిమనేది ఆఫీసు పనే. పదకొండేళ్లుగా ఆమె నీటి సరఫరా ఆఫీసులో సర్వర్లు చూస్తోంది. ఏ పంపు ఎప్పుడు తిరగాలో, ఏ ట్యాంకు ఎంత నిండాలో చెప్పేవి అవే. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ముసలిదైపోయింది, మార్చాలి. ఉచితంగా దొరికేవాటిలో ఏది మంచిదో తేల్చి రిపోర్టు ఇమ్మన్నాడు డైరెక్టరు. రిపోర్టు ఎవరు రాస్తే కొత్త సర్వర్ల విభాగం వాళ్లదేనని కూడా అన్నాడు. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్నేళ్లనుంచి చూస్తోందో ఆమెకే తెలుసు. పరీక్షలకి ఒక మిషను ఇప్పించమని తన పైఅధికారిని అడిగింది. "ఇంట్లో పాతది పడుంది కదా, ఖాళీ దొరికినప్పుడు చూసుకో" అన్నాడాయన. ఆ పైఅధికారి ఆమె మొగుడే. ఆఫీసులో సార్, ఇంట్లో ఏమండీ. ఆమెకి ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

మొదటిసారి వైరు పీకిన ఆ రోజు ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. పంపుహౌసులో కరెంటు కూడా ఇలాగే, ఎవరినీ అడక్కుండానే పోతుంది కదా అనిపించింది. నోట్సులో కొత్త గడి గీసి పైన 'అత్తగారి పరీక్ష' అని రాసుకుంది. నాలుగు నెలల్లో అత్తగారు ముప్పై మూడుసార్లు వైరు పీకింది. పీకిన ప్రతిసారీ ఆమె చేతిగడియారం చూసుకుంటూ, ఏది ఎంతసేపటికి లేచిందో, లేచాక ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో రాసుకుంది.

ఆ పెట్టెలో ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చూసిన ఉచిత సిస్టమ్‌లు లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ మూడూ యూనిక్స్ అనే పాతదాని పోలికే. దూరం నుంచి చూస్తే తోడబుట్టినవాళ్లలా ఉంటాయి, కాపురం చేస్తే గానీ దేని గుణం ఏమిటో తెలియదు. లినక్స్ ఎక్కడ పెట్టినా సర్దుకుపోతుంది, చెయ్యి సాయం అడిగితే వందమంది పలుకుతారు. కానీ లోపలి భాగం ఒకరిది, పైన సామానంతా తలా ఒకరిది. ఓపెన్‌బీఎస్‌డీకి అనుమానం జాస్తి, ఏ తలుపూ తనంతట తాను తెరవదు. వైరు పీకితే మాత్రం డిస్కంతా తడిమి చూసుకుని గానీ లేవదు. ఫ్రీబీఎస్‌డీ మొత్తం ఒకే ఇంటి పనితనం. ఆ పాత పెట్టెలో పీకినప్పుడల్లా అది ఏమీ పోగొట్టుకోకుండా లేచింది. పంపులకి అదే మేలని రాసింది.

లైసెన్సుల గురించి, అంటే వాటిని వాడుకునే షరతుల గురించి, ఒక పేజీ రాసేటప్పుడు మాత్రం కలం ఆగిపోయింది. లినక్స్‌ది ఒక పట్టుదల: మార్చి ఎవరికైనా ఇస్తే, ఆ మార్పులు కూడా ఇచ్చెయ్యాలి. బీఎస్‌డీ వాళ్లకి అదీ లేదు. తీసుకో, మార్చుకో, అమ్ముకో, నీ ఇష్టం. చేసినవాళ్ల పేరు మాత్రం చెరపకు, అంతే. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ ఒక్క మాట మీద నిలబడి లోకానికి ఇంత పని ధారపోశారా! తనూ ఈ ఇంటికి అలాగే ధారపోసింది, ఆ ఒక్క మాట కూడా అడక్కుండా. పెళ్లైన కొత్తలో ఈయన ప్రమోషన్ పరీక్షకి నోట్సు రాసిచ్చింది, తర్వాత ప్రతి ఏడాదీ ఈయన సంతకం కింద నివేదికలు రాసింది. మెచ్చుకోళ్లు ఆయనకి, మెడనొప్పి ఈమెకి. 

రిపోర్టు చూసి ఆయన, "నీ పేరుతో వెళ్తే పెద్దాయన చదవడోయ్. అయినా మనలో మనకి నీదేంటి, నాదేంటి?" అన్నాడు. ఆమె పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నాడు. లైసెన్సుల పేజీ ఎవడు చదువుతాడని కొట్టేశాడు. మిగతాది చదివే ఓపిక లేక గడులన్నీ ఉన్నవి ఉన్నట్టు వదిలేశాడు.

మీటింగుకి పాత కంప్యూటరును ఆమే కారులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. బల్ల చివర కీబోర్డు ముందు ఆమెను కూర్చోబెట్టారు. డైరెక్టరు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"ఈ అత్తగారి పరీక్ష ఏంటయ్యా?"

గదంతా ఘొల్లుమంది. ఆమె మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. "అదా సార్... మా ఆవిడ టైపు చేసిపెట్టిందిలెండి. సరదాకి ఏదో కొట్టేసినట్టుంది."

టైపు చేసిపెట్టింది. నాలుగు నెలలు, ముప్పై మూడుసార్లు, చేతుల తడి కొంగుకి తుడుచుకుంటూ రాసుకున్న ప్రతి నిమిషమూ ఆ రెండు మాటల్లోకి సర్దేశాడు.  ఆమెకి వచ్చింది కోపం కూడా కాదు, అసహ్యం. ఆయన మీద కొంత, ఇన్నేళ్లూ ఊరుకున్న తన మీద ఇంకొంత.

"ముప్పై మూడుసార్లు చేశారటగా. ఒక్కసారి మాకూ చూపించండి" అన్నాడు డైరెక్టరు.

మొగుడు ధైర్యంగానే లేచి వెళ్లి వైరు పీకాడు, మళ్లీ పెట్టాడు. ఆ మాత్రం వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నట్టున్నాడు. పెట్టె గుయ్యిమంది, గోడ మీది తెరపై అక్షరాలు గబగబా పరుగెత్తి, పేరు అడిగే 'లాగిన్' అన్న మాట దగ్గర ఆగాయి. "ఊఁ, కానివ్వవోయ్" అన్నాడు ఆమె వైపు చూడకుండానే. తువ్వాలు కనపడనప్పుడు ఇంట్లో పిలిచే గొంతే అది.

ఈ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. అత్తగారు ఏమంటుందో, ఎన్నాళ్లు ఎవరూ మాట్లాడరో అన్నీ తెలుసు. కుర్చీ దక్కుతుందని నమ్మకమూ లేదు. అయినా వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఊరుకుంది.

"కొట్టవేం?"

"టైపు చేసేదాన్ని కదా సార్, మీరు చెప్తే కొడతాను. ఈ మిషను లోపలికి రానిచ్చేది ఒక్కటే పేరుని. ఇప్పుడు అదే అడుగుతోంది. ఎవరి పేరు కొట్టమంటారు?"