పన్నెండు దాటినవాళ్ళ గడి

"ఆ గిన్నె కాదు," అన్నాడు కర్టిస్.

నేను చాక్లెట్ల సంచి చింపి పసుపు గిన్నెలో పోస్తున్నాను. "ఏ గిన్నె అయితే ఏంటి?"

"అది బంగాళాదుంపల గిన్నె. అమ్మ ఇచ్చింది. వీధిలో పిల్లలంతా దాంట్లో చేతులు పెడతారా?"

"పంతొమ్మిదేళ్ళుగా ఇందులోనే పోస్తున్నాను."

"నేనెప్పుడూ చూడలేదే!"

చూడలేదు, నిజమే. పంతొమ్మిదేళ్ళూ ఈ గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది నేను. అతను లోపల టీవీలో ఆట చూస్తూ, మధ్యలో ఒకసారి లేచి వచ్చి, వేరుశెనగ ముద్ద ఉన్న చాక్లెట్లు మాత్రం ఏరుకుని వెళ్ళేవాడు. గిన్నెలో చేయి పెట్టిన మనిషికి గిన్నె రంగు తెలియకపోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. "బకెట్ ఏదైనా చూడు," అన్నాడు. చూడమంటే వెతకమని, వెతకమంటే నన్ను వెతకమని. గరాజ్‌లోంచి బకెట్ తెచ్చాను, కడిగాను, తుడిచాను. మా ఇంట్లో పోట్లాటలన్నీ నేను ఏదో ఒకటి కడగడంతో ముగుస్తాయి.

హాలోవీన్ ముప్పై ఒకటిన అయినా, మా అయోవా రాష్ట్రంలో ఈ వైపు ఊళ్ళలో పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగేది ముందురోజు, అక్టోబరు ముప్పైన. దాన్ని బిచ్చగాళ్ళ రాత్రి అంటాం. పేరుకే రాత్రి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. వసారాలో దీపం వెలుగుతుంటే ఆ ఇంటికి వెళ్ళొచ్చు, ఆర్పేసి ఉంటే వెళ్ళకూడదు. ఊరికే చేయి చాస్తే మిఠాయి పెట్టరు. ముందు ఒక జోకు చెప్పాలి. మూడేళ్ళ పిల్ల అయినా సరే, నవ్వు రాకపోయినా సరే, చెప్పాల్సిందే.

ఈ ఏడు తలుపు దగ్గర కర్టిస్ కూర్చుంటానన్నాడు. ప్రేమతో కాదు. అతను ఊరి కౌన్సిల్లో సభ్యుడు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు ఎవరూ వేషాలు కట్టి ఇళ్ళకు రాకూడదని ఒక నిబంధన తెస్తున్నాడు. నిరుడు ఎవరో పెద్ద పిల్లలు పండక్కి మొహం చెక్కి గుమ్మంలో పెట్టిన మా గుమ్మడికాయ పగలగొట్టారు, అప్పటినుంచి ఆ పట్టుదల. ఎంతమంది పెద్దవాళ్ళు వస్తున్నారో ముందు చూపించమన్నారట కౌన్సిల్లో. అందుకని ఒక కాగితం మీద రెండు గడులు గీశాడు. ఒకటి పన్నెండు లోపు, ఒకటి పన్నెండు దాటినవాళ్ళు. వచ్చినవాళ్ళకల్లా ఒక గీత. గురువారం మీటింగ్.

మా మారెన్‌కి పద్నాలుగు. ఎత్తులో నా పోలిక, వాళ్ళ నాన్నని దాటేసింది. మూడు వారాలుగా తన గదిలో అట్టపెట్టెలు కోసి, రంగులేసి, లైట్‌హౌస్ వేషం తయారుచేసుకుంది. చుట్టూ వందల మైళ్ళలో సముద్రమే లేని ఊళ్ళో, నెత్తిన తిరిగే దీపంతో, ఎరుపూ తెలుపూ పట్టెల లైట్‌హౌస్. అది చూసి కర్టిస్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "నువ్వు వెళ్ళట్లేదు కదా?" అన్నాడు.

"వెళ్తున్నా."

"నా కూతురే సంచి పట్టుకుని తిరుగుతుంటే గురువారం నా మాట ఎవడు వింటాడే? మిఠాయే కావాలంటే చెప్పు, డబ్బులిస్తా. కొనుక్కో."

"మిఠాయి కోసం కాదు నాన్నా."

"మరి దేనికి?"

అది దానికి చెప్పడం రాలేదు. కాలేజీలో నాలుగేళ్ళు సాహిత్యం చదివిన నాకూ రాలేదు. ఆ ఆదివారం భోజనానికి వచ్చిన మా అత్తగారు ఆర్లీన్‌కి మాత్రం మాటలకు తడుముకోవాల్సిన అవసరం లేదు. "ఈడొచ్చిన పిల్లకి వీధిలో వేషాలేంటి జోలీన్? ఇంట్లో ఉండి చాక్లెట్లు పంచితే నీకూ సాయంగా ఉంటుంది," అంది.

సరిగ్గా ఆ మాటే. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మ అన్నది అదే. అంతకుముందు ఏడాది దాకా మంత్రగత్తెలా ముక్కు అతికించుకుని తిరిగినదాన్ని. ఆ ఏడు ఒక ఇంటాయన గిన్నె వెనక్కి లాక్కుని, నా మెడ కింద చూసి, "నువ్వు పెద్దదానివైపోయావు కదమ్మా," అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఆ మాట అంది. నా చేతిలో సంచి తీసుకుని గిన్నె పెట్టింది. మా తమ్ముడు పదిహేనేళ్ళ దాకా తిరిగాడు, వాడినెవరూ అడగలేదు. నేను ఆ గిన్నె మళ్ళీ దింపలేదు. ఇళ్ళు మారాయి, గిన్నెలు మారాయి, అంతే.

ముప్పయ్యో తారీకు సాయంత్రం మారెన్ తన గదిలోంచి రాలేదు. వెళ్ళి చూస్తే లైట్‌హౌస్ గోడకి ఆనించి ఉంది, పిల్ల మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. "నేను తోడొస్తాను, పద," అన్నాను.

"నువ్వు మిగతా అమ్మల్లా రోడ్డు మీద నిలబడతావు. నేనొక్కదాన్నే ఇంత పొడుగ్గా తలుపు దగ్గర. వద్దులే అమ్మా."

ఏమనుకున్నానో నాకే తెలీదు. బీరువా తెరిచాను. అడుగున తెల్లదుప్పటి, అంచున నీలం పూలు, మా పెళ్ళికి ఆర్లీన్ ఇచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా ఉతికి, ఆరేసి, మూలలు కలిపి మడతపెట్టినది. నెత్తిన కప్పుకుంటే దెయ్యం వేషం అయ్యేలా, కత్తెరతో కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టాను. మారెన్ లేచి కూర్చుంది.

"చర్చికి సూప్ ఇచ్చొస్తాం," అని కర్టిస్‌కి చెప్పాను. సూప్ నిజంగానే ఇచ్చాం. తర్వాత కారు వెనకనుంచి లైట్‌హౌస్ దింపాం.

నాకు తెలిసిన వీధే. ప్రతి ఇంటి పెరట్లో ఏ చెట్టుందో తెలుసు. కానీ గుమ్మంలోంచి వీధిని చూడటం వేరు, వీధిలోంచి గుమ్మాలను చూడటం వేరు అని నలభై ఆరేళ్ళకు తెలిసింది. రెండువైపులా దీపాలు, ఆ చివరిదాకా. రాలిన ఆకుల్లో ఎక్కడ చూసినా చిన్న చిన్న కాళ్ళ చప్పుడు. డైనోసార్లు, రాణులు, ఒక బుడ్డి తేనెటీగ. వాటి మధ్య నా కూతురు నడుస్తుంటే నెత్తిమీద దీపం గుండ్రంగా తిరిగి ఇళ్ళ గోడలను, చెట్లను, పిల్లల మొహాలను ఒక్కొక్కటిగా వెలిగించి వదిలేస్తోంది. పిల్లలు దాని వెనక వరస కట్టి నడిచారు. నాకు ఊపిరి ఆడలేదు. దుప్పటి వల్ల కాదు.

ఇంకొకటి చూశాను. ఏ తలుపు తెరిచినా గిన్నె పట్టుకుని ఆడమనిషే. వాళ్ళ వెనక నీలంగా టీవీ వెలుతురు.

మొదటి గంట కొట్టింది ఫ్లారెన్స్ ఓస్టర్ ఇంటిది. ఎనభై దాటిన ఒంటరి మనిషి. మారెన్ తన జోకు చెప్పింది. ఆవిడ నావైపు తిరిగింది. "నీదేంటి, పొడుగు దెయ్యమా?"

మా ఇంట్లో జోకులు చెప్పేది కర్టిస్. నేను చెప్పబోతే చివరిమాట అతనే అందుకుంటాడు. అయినా ఎక్కడినుంచో ఒకటి వచ్చింది.

"మా ఇంట్లో ఒక దెయ్యం ఉందండీ. గిన్నెలు వాటంతటవే శుభ్రమైపోతాయి, బట్టలు వాటంతటవే మడతపడిపోతాయి. ఎవరూ భయపడరు. ఎప్పుడు భయపడతారో తెలుసా?"

"ఎప్పుడు?"

"అది ఒక్కపూట మానేసినప్పుడు."

ఫ్లారెన్స్ తలుపు పట్టుకుని నవ్వింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "రెండు తీసుకో. వచ్చే ఏడు మీ పెద్దవాళ్ళను రానివ్వరట కదా. సంవత్సరానికి ఒక్కరోజే నా గంట ఇన్నిసార్లు మోగేది, అదీ పడలేదు ఎవరికో!" అని నా అరచేతిలో రెండు చాక్లెట్లు పెట్టి, వేళ్ళు తనే మూసింది.

నేను వండలేదు, కొనలేదు, అడగడానికి కారణం చెప్పలేదు. వయసు చెప్పలేదు. గంట కొట్టాను, దీపం కింద ఒక మనిషి నన్ను చూసి సంతోషించింది. 'మరి దేనికి' అన్న ప్రశ్నకు జవాబు నా గుప్పిట్లో వెచ్చగా ఉంది. మారెన్ చేయి పట్టుకుని లాగింది.

చివరికి మా ఇల్లు. మారెన్ దీపం ఆర్పేసి పొద చాటున ఉండిపోయింది. నేనే మెట్లెక్కాను. ఆ కిటికీ అద్దాలు నేను తుడిచినవే, కానీ వాటి వెలుగు ఇలా మెట్ల మీద పడుతుందని నాకెప్పుడూ తెలీదు. కర్టిస్ కుర్చీలో కాగితం పట్టుకుని, ఒళ్ళో బకెట్ పెట్టుకుని ఉన్నాడు. అలిసిపోయి ఉన్నాడు. నా ముందు నలుగురు పిల్లలు అరుస్తున్నారు. వాళ్ళయ్యాక నావైపు చూశాడు.

"నీ వయసెంత?"

"నలభై ఆరు."

"అబ్బో! టెక్కు చూడు వీళ్ళకి," అని రెండో గడిలో గీత గీశాడు. "సరే, జోకు?"

చెప్పాను. గొంతు మార్చాలన్న సంగతి మర్చిపోయి, రోజూ అతనితో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. నా కళ్ళకూ అతని కళ్ళకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. పంతొమ్మిదేళ్ళు తను పడుకున్న దుప్పటి అతని మోకాలికి తగులుతోంది.

కర్టిస్ తల వెనక్కి వేసి నవ్వాడు. నా మాటకు అతను అలా నవ్వడం నేనెన్నడూ వినలేదు. చివరిదాకా విన్నాడు, మధ్యలో అందుకోలేదు. వేరుశెనగ ముద్ద చాక్లెట్ ఒకటి ఏరి నా సంచిలో వేశాడు.

"బాగుంది," అన్నాడు. "ఇది మా ఆవిడకి చెప్పాలి."

మర్నాడు రాత్రి భోజనానికి ఆర్లీన్ వచ్చింది. రోస్ట్, చిక్కుళ్ళు, పసుపు గిన్నెలో బంగాళాదుంపల ముద్ద. కర్టిస్ తన కాగితం చూపించి, పన్నెండు దాటినవాళ్ళు ఇరవై ఏడుమంది అన్నాడు. "గాడిదల్లా పెరిగినవాళ్ళు, సిగ్గులేకుండా," అంది ఆర్లీన్.

"అందులో ఒకడు భలే జోకు చెప్పాడమ్మా. జోలీన్, నువ్వూ విను. వాళ్ళింట్లో దెయ్యం ఉందట. గిన్నెలు అవే శుభ్రమైపోతాయట, బట్టలు అవే మడతపడతాయట. ఎవరూ భయపడరట. ఎప్పుడు భయపడతారో తెలుసా?"

"ఎప్పుడు?" అంది ఆర్లీన్.

కర్టిస్ నోరు తెరిచాడు. ఆగాడు. "ఏదో ఉంది... చివర్లో ఉంది అసలు మజా... ఛ, నాలిక చివర ఉంది." అలవాటుగా నావైపు చూశాడు, తాళంచెవులు కనబడనప్పుడు చూసినట్టు.

మారెన్ ఫోర్కు కింద పెట్టేసింది.

"అది ఒక్కపూట మానేసినప్పుడు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. కర్టిస్ చూపు నా మొహం మీద నుంచి కదలలేదు. నెమ్మదిగా అతని చేయి కాగితం మీదికి వెళ్ళింది.

"రెండో గడిలో ఒక గీత నాది," అన్నాను. "గురువారం మీటింగ్‌కి వచ్చి లేచి నిలబడి అదే చెప్తాను. మీ కౌన్సిల్ ఏ నిబంధన పెట్టుకున్నా వచ్చే ఏడు నేనూ మారెనూ వెళ్తాం, వసారాలో దీపం వెలిగే ప్రతి ఇంటికీ."

పసుపు గిన్నె ఎత్తి అతని రెండు చేతుల్లో పెట్టాను.

"ముందు మీ అమ్మకి వడ్డించు."