బోసి చెయ్యి

మా వీధిలో నా జబ్బు పేరు ఎవరూ పలకలేదు. రాచపుండు అనే మాట నోట్లోకి వస్తే ఇంట్లోకీ వస్తుందని భయం. "చౌడేశ్వరమ్మకు గడ్డ తీసినారంట" అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. తీసింది ఉత్త గడ్డా? కుడి రొమ్ము మొత్తం, చంక కింది కండతో సహా తీసేశారు. వేలూరు మిషన్ ఆస్పత్రి నుంచి నగరికి తిరిగి వచ్చేటప్పుడు నా కుడి చెయ్యి పక్కటెముకలకు అతుక్కుని ఉంది. రైలు కిటికీ పట్టుకుందామన్నా లేవలేదు.

ఆస్పత్రిలో నర్సు నిర్మలమ్మ మా పుత్తూరు వైపు మనిషి. కుట్లు విప్పాక నన్ను గోడ ముందు నిలబెట్టింది. వేళ్లు గోడకు ఆనించి, ఒక్కో వేలూ జరుపుకుంటూ చేతిని పైకి ఎక్కించాలి. నొప్పి పుట్టిన చోట ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ కొంచెం. నేను ఏడ్చాను. ఆమెను తిట్టాను కూడా.

"తిట్టుకో, ఏం ఫరవాలేదు. ఎక్కించేది మాత్రం మానొద్దు," అంది. "ఈ సెయ్యిని ఊరికే పెట్టుకుంటివంటే కట్టె అయిపోతాది. ఇంట్లో నీ పని ఏంది?"

"పడుగు పోస్తాను."

"అయితే నేను సెప్పేదేముండాది. నీకే తెలుసు."

మా నేతగాళ్ల ఇళ్లలో మగ్గం మగవాడిది, పడుగు ఆడదానిది. వీధి పొడవునా కర్రలు నాటి, నిలువు దారాలను ఒక కర్రకు ఇటు, ఇంకో కర్రకు అటు తిప్పుకుంటూ నడవాలి. చెయ్యి భుజం దాకా లేవాలి, దిగాలి, మళ్లీ లేవాలి. పడుగు వదులైతే ఎంత మొనగాడు నేసినా చీర ముడతలు పడుతుంది. నా పడుగుకు వంక పెట్టినవాడు నగరిలో లేడు. గొప్పకే చెప్పుకుంటున్నాను, నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

మా అత్త కుప్పమ్మ, నేను ప్రాణంతో తిరిగొస్తే అలిపిరి నుంచి కొండకు మోకాళ్ల మీద ఎక్కుతానని మొక్కుకున్న మనిషి. ఆమెను ఎవరైనా చెడ్డది అంటే ఊరుకోను. నేను ఇల్లు చేరిన రోజే గాజులమ్మే వరదమ్మను పిలిపించింది. ఆస్పత్రిలో బోసిపోయిన చేతులకు నిండుగా, చర్మానికి అంటుకునేంత బిగువుగా వేయించింది. వదులు గాజులు ముత్తైదువకు అందం కాదని ఆమె పట్టు. మరునాడు నేను గోడ ముందు నిలబడేసరికి మాత్రం ఆమె ముఖం మారిపోయింది.

"ఏందిమే అది, గోడ గీరేది?"

"ఆస్పత్రిలో సెయ్యమన్నారత్తా."

"కోసిన పచ్చి ఇంకా ఆరలేదు. ఆ సెయ్యి లాగితే లోపలిది లేస్తాది. పండుకున్న పామును తోక పట్టి లాగతారా?"

మా ఆయన ఆదికేశవులు వైపు చూశాను. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. భయమేస్తే ఆయన నేస్తాడు. అది ఆయన పద్ధతి. సాయంత్రం మాత్రం మెల్లగా అన్నాడు, "కొన్నాళ్లు కూసోమే. తిరుమలమ్మ పడుగు పోస్తాదంట. మాట్లాడినాను."

కూర్చోబెట్టి అన్నం పెడతారట. వినడానికి ఎంత బాగుంది. పక్క వీధి తిరుమలమ్మ వచ్చి మా కర్రల మధ్య నడుస్తుంటే అరుగు మీద కూర్చుని చూశాను. యుద్ధం ముగిసినా నూలు కంట్రోలు ముగియలేదు. దొరికే నూలే పిడికెడు, దాన్ని కాస్తా ఆమె వదులు వదులుగా పోస్తోంది. నాకు కడుపు మండిపోయింది. నేను చచ్చిపోయినట్టు, ఆ సంగతి నాకొక్కదానికే చెప్పనట్టు అనిపించింది.

అత్త నీళ్లకు పోయినప్పుడు దొంగతనంగా గోడ ముందుకు పోయేదాన్ని. వేళ్లు మెల్లగా భుజం ఎత్తు అందుకున్నాయి. అంతలో చెయ్యి వాచింది. ముందు మోచేతి దగ్గర, తర్వాత మణికట్టు దాకా. నిర్మలమ్మ ముందే చెప్పింది: వాపు రావచ్చు, వచ్చినా కదిలించడం మానవద్దు, ఆ చేతికి బిగువుగా ఏదీ ఉండనివ్వవద్దు. గాజులు మాంసంలోకి దిగబడిపోయాయి. సబ్బు రాశాము, ఆముదం రాశాము. ఒక్కటీ జరగలేదు.

"పగలగొట్టాలత్తా," అన్నాను.

"మొగుడు బతికుండంగా గాజులు పగలగొడతారా?" మా అత్త ఆముదం గిన్నె పక్కన పెట్టేసింది. "అవి ఎప్పుడు పగలగొడతారో నీకు తెల్దా?"

తెలుసు. మొగుడు పోయాక, ముత్తైదువతనం తీసేసే రోజున. అత్తను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ విషయంలో ఆమె ఎంతో నేనూ అంతే. ఒకసారి గుండ్రాయి చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాను. ఒక చెయ్యి కోసం మొగుడి ప్రాణాన్ని ఒడ్డుతానా? గోడ దగ్గరికి పోవడమే మానేశాను.

ఒక పొద్దున ఆయనకు సంగటి పెడుతుంటే తెడ్డు నా చేతిలోంచి జారిపడింది. వేళ్లకు పట్టు తెలియలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, నల్లబడిన వేళ్లను చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ చేతిని ఆయన ముట్టుకోవడం అదే మొదలు. ఎంగిలి చెయ్యి కడుక్కుని, నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి, నా చేతి కింద తడిగుడ్డ మడిచి పెట్టి, దారం విసిరే నాడె అందుకున్నాడు.

"వద్దయ్యా," అన్నాను.

"ఎప్పుడో నా పేరు సెప్పి ఎవురో పగలగొట్టేదానికంటే, నేనే పగలగొడితే మేలు గదా," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఒక్కో గాజూ చిట్లుతుంటే వంటింట్లో మా అత్త చెవులు మూసుకుని కూర్చుంది. చేతిలోకి నెత్తురు తిరిగి వస్తుంటే సూదులు గుచ్చినట్టు మండింది. నేను గట్టిగా ఏడ్చాను. హాయిగా ఉండి ఏడ్చాను.

అత్త ఆ మణికట్టుకు పసుపుదారం కట్టింది. సాయంత్రానికి అదీ కోసుకుపోతుంటే తానే కత్తిరించింది. ఎడమ చేతికి గాజులు, కుడి చెయ్యి బోసి. పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఒక చెయ్యి ముత్తైదువది, ఇంకో చెయ్యి కాదు. అట్లాంటిదానికి బొట్టు పెట్టాలా వద్దా అన్నది మా వీధి ఆడవాళ్లకు తేలలేదు. పోతే పోనీ అనుకున్నాను. వేళ్లు నా తల ఎత్తు దాటాయి. వచ్చే నూలుకు తిరుమలమ్మను పిలవనవసరం లేదని ఆయనే అన్నాడు.

అప్పుడు ఆయనకు చలిజ్వరం వచ్చింది.

ఆ వానలకు వీధిలో చాలామందికి వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? కంబళ్ల కింద ఆయన వణుకుకు మంచం అదురుతుంటే నా కళ్లు నా బోసి చేతి మీదికే పోయాయి. మా అత్త కళ్లూ అక్కడికే వచ్చాయి. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

ఆ చేతిని కొంగుతో కప్పుకుని మంచం పక్కన కూర్చున్నాను. దాన్ని కదలకుండా పెట్టుకుంటే ఆయనకు జ్వరం దిగుతుందని నాలో నేనే బేరం పెట్టుకున్నాను. ఏ దేవుడితో బేరమో కూడా తెలియదు. భుజం మళ్లీ బిగుసుకుపోతున్నది తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచాడు. నీళ్లు అడుగుతాడనుకుని ఎడమ చేత్తో చెంబు అందుకున్నాను.

"ఈపొద్దు గోడ ఎక్కినావా?"

"లేదు."

"నిన్న?"

చెంబు ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన కాసేపు నా కొంగు వైపే చూశాడు. మళ్లీ వణుకు మొదలవుతోంది.

"అట్లయితే నేను ఎందుకు పగలగొట్టినట్టుమే?"

ఆ గొంతులో కోపం లేదు. గాజులు పగలగొట్టిన రోజు నుంచీ ఆయనా భయపడుతూనే ఉన్నాడని, భయపడుతూ కూడా నాడె ఎత్తాడని నాకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

లేచాను. మంచానికి ఎదురుగానే గోడ. కొంగు తీసేసి వేళ్లు ఆనించాను. చంక కింద చిరిగినట్టు నొప్పి. గడపలో నిలబడ్డ అత్త నన్ను చూసింది. ఆపమంటుందనుకున్నాను. ఆమె లోపలికి వచ్చి, కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని, కంబళిని రెండు చేతులా అదిమిపట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఇంకా పైకి," అన్నాడు ఆయన, వణుకుతున్న పళ్ల మధ్య నుంచి.

నేను గోడ వైపు చూడలేదు. మెడ తిప్పి, ఆయనకు ఊపిరి ఆడుతోందా అని చూస్తూ చెయ్యి ఎత్తాను.