ఉత్త మాత్ర

రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో ఇల్లు తుడవడానికి ఒక పద్ధతుంది. పొడిగుడ్డ వాడకూడదు, వాడితే నలుపు నేలంతా పులుముకుంటుంది. ఉర్లా ఫ్యాక్టరీల గొట్టాలు రాత్రంతా వదిలిన మసి తెల్లవారేసరికి కిటికీ చువ్వల మీదా, గిన్నెల బుట్ట మీదా, ఆరేసిన చొక్కాల భుజాల మీదా వచ్చి కూర్చుంటుంది. దాన్ని తడిగుడ్డతో ఒక్క వైపుకే లాగాలి, గుడ్డ పిండాలి, మళ్ళీ లాగాలి. రజని పెళ్ళై ఈ ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ అలా లాగుతూనే ఉంది. మామగారు విజయనగరం నుంచి వచ్చి, ఇక్కడ రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది అత్తగారు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసే భర్త పరదేశి, కాలేజీలో చదివే కూతురు లహరి. వాళ్ళందరి అడుగులూ ఆ మసిలో పడతాయి. తుడిచేది రజని.

అలా వంగినప్పుడే చాలాసార్లు అది మొదలయ్యేది. ముందు ఎడమకంటి మూల వెలుగు వంకరటింకరగా వణికేది. తరవాత కంటి వెనక ఎవరో మేకు దిగేసినట్టు. పోపు వాసన తగిలితే కడుపులోది నోట్లోకొచ్చేది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే ఏడుపొచ్చేది. అప్పుడామె పాత చున్నీ ఒకటి నుదుటికి బిగించి కట్టుకుని, వాంతి చేసుకోవలసి వస్తే స్నానాలగదిలోకి వెళ్ళి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి చపాతీలు ఒత్తేది. ఆ చున్నీ చూడగానే అత్తగారు అనేది, "తలనొప్పి ఎవులికి రాదే? నాకు రానేదేటి? పొయ్యికాడ పొగలో ఒండి పెంచినాను నీ మొగుణ్ణి." పరదేశి మంచివాడే, చెయ్యెత్తేవాడు కాదు. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "గోలీ వేసుకోవే, ఛోడ్ దో, ప్రతిదానికీ డ్రామా ఏటి?" అనేవాడు. కాళ్ళు విరిగితే కట్టు కనిపిస్తుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. తల లోపల నొప్పికి సాక్ష్యమేముంది? కొన్నాళ్ళకి రజనికే అనుమానమొచ్చింది. అందరికీ ఇలాగే వస్తుందేమో, అందరూ ఓర్చుకుంటున్నారేమో, తనకే ఓర్పు లేదేమో అని.

ఒక ఆదివారం పరదేశి తన పైఅధికారిని భోజనానికి పిలిచాడు. పూరీలు వేయిస్తుంటే కళ్ళముందు వెలుగు వణికింది. ఆపుదామనుకుంది, వాళ్ళు లోపల ఇంకో రెండు తెమ్మంటున్నారు. మూకుడు అంచు ఎక్కడుందో తెలియక చెయ్యి నూనెలోనే పెట్టింది. ఆ కేక విని పరుగెత్తుకొచ్చిన లహరి తల్లిని ఆటోలో టాటీబంధ్ దగ్గరున్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. చేతికి మందు రాసిన డాక్టరు, కళ్ళెందుకు మూసుకుంటున్నావని అడిగి, వీరేంద్ర అనే నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన వింటూనే, "ఆధాసీసీ. ఎన్నాళ్ళుగా?" అన్నాడు. అదే పార్శ్వపు నొప్పి. రజని వేళ్ళమీద లెక్కపెట్టబోయి మానేసి, "పెళ్ళయిన కొత్తల్నుంచి" అంది.

ఆ నొప్పిని రాకుండా ఆపే కొత్త మాత్ర ఒకదాన్ని అప్పుడు ఆ ఆస్పత్రిలో పరీక్షిస్తున్నారు. ఇష్టమైతే చేరవచ్చన్నాడు డాక్టరు. పరదేశి మొదట మండిపడ్డాడు. "మా ఆవిడేమైనా చూహానా, ఎలక మీద చేసినట్టు ప్రయోగాలు చెయ్యడానికి?" అన్నాడు. మాత్రలూ పరీక్షలూ రానూపోనూ ఖర్చులూ అన్నీ వాళ్ళవే అని తెలిశాక మెత్తబడి, "సరే, సంతకం పెట్టీయే" అన్నాడు.

ఆ ట్రయల్ పనులు చూసే అమ్మాయి పేరు శిల్ప. తల్లి ఏలూరు వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో నర్సుగా పనిచేసిందట, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఆమె పరదేశితో, "అంకుల్, మీరు కాసేపు బయట కూర్చోండి. నేను ఆంటీని విడిగా అడగాలి" అంది.

"నేను చెప్తున్నా కదమ్మా, చేరుతుందని."

"మీరు చెప్పింది విన్నాను అంకుల్. ఆవిడ చెప్పింది వినాలి."

తలుపు మూశాక శిల్ప హిందీ కాగితాల్లో ఉన్నదంతా తెలుగులో విప్పి చెప్పింది. "చేరినవాళ్ళని రెండు జట్లు చేస్తారు ఆంటీ. ఒక జట్టుకి మందున్న మాత్ర. రెండో జట్టుకి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర, అందులో మందుండదు, చక్కెరలాంటి పొడి ఉంటుంది అంతే. ఎవరికేది పడిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, డాక్టర్‌గారికీ తెలీదు. అలా చేస్తేనే గదా మందు పనిచేసిందో, మన నమ్మకం పనిచేసిందో తేలేది. నొప్పి మరీ ఎక్కువైతే వేసుకోడానికి మామూలు బిళ్ళ వేరేగా ఇస్తాం. ఇప్పుడు చెప్పండి, మీకు ఇష్టమేనా?"

ఇష్టమే అనడానికి ఎంతసేపు? కానీ ఆ ప్రశ్న గదిలో అలా నిలబడి తన కోసం ఎదురుచూడటం రజనికి వింతగా ఉంది. పెళ్ళిచూపుల్లో తండ్రిని అడిగారు. పిల్ల పుట్టాక ఆపరేషన్‌కి భర్తని అడిగారు. కూర ఏం చెయ్యాలో కూడా అత్తగారే చెబుతుంది. "ఆలోచించుకుని చెప్తానమ్మా" అంది, ఆ మాట తన గొంతులో ఎలా ఉంటుందో వినాలని. తరవాతి వారం వెళ్ళి సంతకం పెట్టింది.

వానల్లో మొదలైంది. నెలకోసారి వెళ్ళేది. ఆ గదిలో దీపాలు తగ్గించి ఉంచేవారు, తలనొప్పి వాళ్ళకి వెలుగు పడదని. వెనక్కి వాలే కుర్చీ ఒకటి ఉండేది. రజని దాంట్లో మొదటిరోజు అంచుమీద కూర్చుంది, ఎవరైనా వస్తే లేవడానికి వీలుగా. శిల్ప అడిగేది, నొప్పి ఎప్పుడొచ్చింది, ఏ వైపు, గుచ్చినట్టా, కొట్టుకున్నట్టా, అని. చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడేది కాదు. ఒకసారి, "ఈ నెలలో నొప్పివల్ల ఎన్ని రోజులు ఇంటిపని చెయ్యలేకపోయారు?" అని అడిగింది.

"ఒక్కరోజూ లేదు."

"వాంతులయ్యాయన్నారు కదా?"

"అయ్యాయి. అయ్యాక చేశాను. చెయ్యకపోతే ఎవరు చేస్తారమ్మా?"

శిల్ప కలం పక్కన పెట్టింది. ఇలా సున్నా వేస్తే ఆంటీకి జబ్బు దాదాపు లేనట్టే లెక్క అని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనొచ్చి, "సగం పనే చెయ్యగలిగిన రోజులు చెప్పండి" అన్నాడు. రజని చాలాసేపు ఆలోచించింది. ఇల్లు సగం తుడిస్తే తుడిచినట్టు ఎలా అవుతుంది? నలుగురిలో ఇద్దరికి వండుతారా? "సగం పని అని మా ఇంట్లో ఉండదు సార్" అంది. డాక్టరు నవ్వలేదు. ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఎక్కడో కూర్చుని, నొప్పొస్తే మనిషి పడుకుంటాడనుకుని ఆ ప్రశ్నలు తయారుచేశారు. తనలాంటి ఆడవాళ్ళు ఎందరు ఆ లెక్కలో ఆరోగ్యవంతులుగా పడ్డారో అనుకుంది రజని.

ఆ రోజు శిల్ప ఒక మాట చెప్పింది. "నొప్పి మొదలవగానే చీకటిగదిలో పడుకోండి ఆంటీ. వేళకి తినండి. ట్రయల్‌లో ఉన్నన్నాళ్ళూ ఇది రూల్ అనుకోండి." రూల్ అన్న మాట ఆ ఇంట్లో పనిచేసింది. రజనికి నొప్పి అంటే లెక్కలేని వాళ్ళు ఆస్పత్రి రూల్ అంటే జంకారు. మొదటిసారి వెలుగు వణికినప్పుడు ఆమె గ్యాస్ ఆర్పి, వెళ్ళి గది తలుపేసుకుని పడుకుంది. బయట అత్తగారు గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది, అయినా తలుపు కొట్టలేదు. లహరి అన్నం వండింది. పరదేశి మజ్జిగ కలుపుకుని తిని, "ట్రయల్ వాళ్ళ రూల్ అట" అని పక్కింటివాళ్ళకి చెప్పాడు, కొంత గొప్పగానే.

చలి వచ్చేసరికి నొప్పులు తగ్గాయి. ముందు వారానికి రెండుసార్లు వచ్చేది నెలకి రెండుసార్లయింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం అలవాటైంది. ఒకసారి శిల్ప బీపీ చూస్తూ మణికట్టు పట్టుకుని ఉండగానే ఆమె నిద్రపోయింది. శిల్ప లేపలేదు. మెలకువ వచ్చాక రజని కంగారుపడి, "ఎంతమంది బయట ఉన్నారో" అంటే, "మీ టైమే ఆంటీ ఇది" అంది.

ఎండలు ముదిరేనాటికి ట్రయల్ ముగిసింది. మాత్రలు ఆగిపోయినా ఇంట్లో రూల్ అలాగే నిలిచింది, అలవాటు మీద. నొప్పీ పెద్దగా రాలేదు. మందు మంచిదని అందరూ అన్నారు. అత్తగారు కూడా తన మోకాళ్ళకి అలాంటి ట్రయలు ఏదైనా ఉందేమో అడగమంది.

మళ్ళీ వానలు పట్టాక ఆస్పత్రినుంచి పిలుపొచ్చింది. ఫలితాలు వచ్చాయి, ఎవరికేది ఇచ్చారో చెబుతామని. పరదేశి బండిమీద తీసుకెళ్ళి, తనూ లోపలికొచ్చి కూర్చున్నాడు. డాక్టరు వీరేంద్ర సూటిగానే చెప్పాడు. ఆ కొత్త మాత్ర అనుకున్నంత పనిచెయ్యలేదు, అందుకని ఆపేశారు. "మీకు పడింది మందు లేని మాత్ర. అయినా మీకు తగ్గింది. చాలామందికి అలా తగ్గింది. దానర్థం మీ నొప్పి అబద్ధమని కాదు. నొప్పి నిజం, తగ్గడమూ నిజం. ఎందుకు తగ్గిందో మేమూ పూర్తిగా చెప్పలేం." శిల్ప ఆ మాటల్ని ఒక్కొక్కటే తెలుగులో మళ్ళీ చెప్పింది, పరదేశి వైపు చూస్తూ.

పరదేశి మందు లేని మాత్ర అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా, "అమ్మా, విన్నావా? నీ కోడలికిచ్చింది ఉత్త మాత్రట. కుచ్ నహీ థా" అన్నాడు.

అత్తగారు నోరు తెరిచింది. "ఏట్రా? ఏటీ లేని మాత్రకి తగ్గిపోనాదా? అయితే మరి నొప్పి ఉంటే గదా తగ్గడానికి! ఓలమ్మ, ఏడాదంతా గదిలో దూరి తొంగున్నాది! నా మోకాళ్ళట్టుకుని గిన్నెలు తోమినాను నాను."

రజని డాక్టరు చెప్పిన మిగతా సగం చెప్పబోయింది. నొప్పి నిజం, తగ్గడమూ నిజం. హిందీలో విన్నప్పుడు, శిల్ప నోట తెలుగులో విన్నప్పుడు ఎంతో గట్టిగా ఉన్న ఆ మాటలు ఆ హాల్లో తన నోట్లోంచి బయటికి రాలేదు. ఆమె లహరి వైపు చూసింది. నూనెలో కాలిన తల్లి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఏడ్చిన పిల్ల. లహరి ఫోన్ కింద పెట్టి, ఎంతో ప్రేమగా అంది, "మమ్మీ, మత్‌లబ్ ఇది సైకలాజికల్ అన్నమాట. నువ్వు అనవసరంగా ఎక్కువ ఆలోచిస్తావు. పాజిటివ్‌గా ఉండు, బస్." రజనికి ఆ ఇంట్లో పడ్డ అన్ని మాటల్లోకీ అదే లోతుగా దిగింది, అందులో కోపం లేదు గనక.

మూడోరోజు పొద్దున్నే కంటిమూల వెలుగు వణికింది. గది వైపు నడిచింది. "మళ్ళీ మొదలెట్టీసినాది" అని వెనక మాట వినిపించింది. తలుపు వేసుకోలేదు. చున్నీ వెతికి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ నెలలో విజయనగరం నుంచి పరదేశి మేనమామ కుటుంబంతో వచ్చాడు. అందరూ భోజనాల దగ్గరున్నారు. రజని కళ్ళు సగం మూసుకుని, గోడ పట్టుకుని పప్పు తెచ్చింది. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు మేనమామ. పరదేశి వెంటనే లేచి, చక్కెర డబ్బా తెచ్చి, చెంచాడు తీసి ఆమె అరచేతిలో పోశాడు. "దీనికి ఇదే మందు మావా. పెద్ద డాక్టరే చెప్పినాడు." కథంతా చెప్పాడు. అందరూ నవ్వారు. మేనమామ భార్య కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ రజని ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రజని చేతిలో చక్కెర చెమటకి తడిసి అంటుకుంది. ఎక్కడ పారెయ్యాలో తోచక, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, మందులకొట్టుకని చెప్పి, ఆటో ఎక్కి టాటీబంధ్‌లో దిగింది. రోడ్డు దాటుతుంటే లారీల హారన్లు తలలోంచి పోతున్నట్టున్నాయి. ఆ గది ముందు ఇప్పుడు వేరే బోర్డుంది. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. వెనక్కి వాలే కుర్చీలో ఎవరో పెద్దాయన, చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇస్తున్నాడు. శిల్ప ఆమెని చూసి గబగబా బయటికొచ్చింది.

"ఆంటీ, మళ్ళీ వస్తోందా? మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. రండి, ఓపీలో డాక్టర్‌గారికి చూపిద్దాం. ఈ నొప్పికి పనిచేసే పాత మందులు బోలెడున్నాయి, నిజం మందులు."

"మందుకని ఇంట్లో ఏం చెప్పనమ్మా? నొప్పే లేదని తేలిపోయింది కదా."

"అంకుల్‌తో నేను మాట్లాడతాను. సార్ చేత ఫోన్ చేయిస్తాను."

"ఆయన విన్నాడమ్మా. నా పక్కనే కూర్చుని విన్నాడు."

లోపలనుంచి ఎవరో శిల్పని పిలిచారు. వస్తున్నానని చెప్పి, రజని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అంత మెత్తగా ఉందని రజని ఇప్పుడే గమనించింది.

"నన్ను మళ్ళీ చేర్చుకోమ్మా" అంది రజని. "నెలకోసారి వస్తాను. ఏ మాత్రయినా వేసుకుంటాను."

"తలనొప్పి ట్రయల్ అయిపోయింది ఆంటీ. ఇప్పుడు జరుగుతున్నది షుగర్ ఉన్నవాళ్ళకి. దాని తరవాత వచ్చేది గుండె జబ్బుది. మీకు అవేవీ లేవు కదా."

కుర్చీలో పెద్దాయన వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. నొప్పిగా ఉందా అని నర్సు ఆయన్ని అడుగుతోంది. ఆయన తీరిగ్గా ఆలోచించుకుంటున్నాడు. రజని కాసేపు అటే చూసి, శిల్ప వైపు తిరిగి, ఇంట్లోకి ఏ సరుకు తేవాలో కనుక్కుంటున్నంత మామూలుగా అడిగింది.

"ఏ జబ్బుంటే కూర్చోనిస్తారో చెప్పమ్మా. తెచ్చుకుంటాను."