బొమ్మ చెప్పిన కథ

రిటైరైన హెడ్మాస్టరు మాట్లాడింది నలభై నిమిషాలు. దాన్ని మూడు రోజులు కూర్చుని టైప్ చేశాను. దగ్గితే దగ్గు అని, నవ్వితే నవ్వు అని రాయాలి. మా మేడమ్ పద్ధతి అది. ఆయన పదకొండు సార్లు నవ్వారు. ఒక్కటి కూడా వదల్లేదు.

బడి ఎవరిని కలుపుకుంది, ఎవరిని పక్కన పెట్టింది అన్నది మేడమ్ పరిశోధన. ప్రశ్నపత్రాలు పంచరు. మనుషుల్ని కూర్చోబెట్టి, తమ బడి కథ చెప్పమంటారు. టీచర్లకు శిక్షణ ఇచ్చే కొత్త కేంద్రానికి పెద్ద ఎవరో కూడా ఈ కథలు విన్నాకే కమిటీ తేలుస్తుంది. అందరికంటే ముందున్నది హెడ్మాస్టరే. ఆయన చెప్పిన కథ అలాంటిది.

"వినపడని పిల్ల ఒకతి వచ్చిందండీ. పొమ్మనలేదు నేను. బోర్డు తుడిచే పని అప్పగించాను. స్టాఫ్ రూమ్‌లో గ్లాసులు కడిగేది. ముద్దుగా బొమ్మా అనేవాళ్లం. ఒక్కరోజు ఏడవలేదు చూడండి! ఇప్పటి టీచర్లకు ఆ ఓపిక ఏదీ?"

ఆ బొమ్మ మా అక్క.

నేను ఒకటి రెండు మాటలు మార్చినా ఎవరికీ తెలిసేది కాదు. మార్చలేదు. ఆయన మాటలు ఆయన అన్నట్టే కావాలి నాకు.

కథలో ఇంకో మనిషి ఉంటే ఆ మనిషిని వెతికి, కాగితాలు చదివించి, వాళ్ల కథ కూడా వినాలి. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురుగా. ఒకరు చెప్తుంటే రెండోవాళ్లు నోరెత్తకూడదు.

"ఈ అమ్మాయిని ఎక్కడని వెతుకుతాం?" అన్నారు మేడమ్.

"మా ఇంట్లో ఉందండీ."

మేడమ్ కళ్లజోడు తీశారు. "మూడు రోజులుగా టైప్ చేస్తున్నావు. చెప్పవేం?"

"మీరు అడగలేదు మేడమ్."

"ఆ రోజు నువ్వు మూలన కూర్చో. మధ్యలో మాట్లాడావంటే ఊరుకోను."

మాట్లాడే అలవాటు నాకు ఎలాగూ లేదు.

అక్కకు ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, గట్టిగా మాట్లాడుతుంది. నా పుస్తకాలు చూసి తనే చదవడం నేర్చుకుంది. కుట్టు మిషను ఆపి కాగితాలు రెండుసార్లు చదివింది.

"బాగా చెప్పాడే! నేనూ వస్తా. మంచి బట్టలు తీసి పెట్టు."

"అక్కడ ఏడుపొస్తే?"

"ఏడిస్తే ఓదారుస్తాడు. ఆ సంతోషం ఎందుకు వాడికి?"

ఆ రోజు హాల్లో కమిటీవాళ్లు ముగ్గురున్నారు. అక్కను చూడగానే హెడ్మాస్టరు చేతులు చాపారు. "మా బొమ్మే! ఎంత ఎదిగావమ్మా!"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగేళ్లు బోర్డు తుడిచాను. దాని మీద రాసింది ఒక్కరోజూ నాకు నేర్పలేదు. పరీక్ష రోజున ఇంటికి పంపేవారు. నేను తప్పితే బడికి చెడ్డపేరని. నాలుగేళ్లూ అదే తరగతి. చెల్లి నన్ను దాటి పై తరగతికి పోయింది. స్నేహితుల ముందు అది కూడా నన్ను బొమ్మ అనే పిలిచేది."

నేను తల దించుకున్నాను. ఆ మాట అక్క ఇంట్లో నాతో ఎప్పుడూ అనలేదు.

"ఏడవలేదంటున్నారు. బడి వెనక నల్లా తిప్పుకుని ఏడ్చేదాన్ని. అందరూ గ్లాసులు కడుగుతున్నానని అనుకునేవారు."

"అది కాదమ్మా, నేను..." హెడ్మాస్టరు లేచారు. మేడమ్ చెయ్యెత్తారు. ఆయన కూర్చున్నారు.

అంతా అయ్యాక కమిటీలో పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ, "మీ పేరు ఇక పరిశీలనలో ఉండదండీ," అన్నారు.

"అయితే నా కథ తీసేయండి," అన్నారు హెడ్మాస్టరు.

"తీసేస్తాం, మీ హక్కు అది," అన్నారు మేడమ్. "ఆమె కథ ఉంటుంది. అందులో మీరూ ఉంటారు. పేరొక్కటి మారుస్తాం."

ఆయన సంచీ తీసుకుని తలుపు దాకా వెళ్లి ఆగారు. అటు తిరిగే, "తప్పయిందమ్మా, క్షమించు," అన్నారు. తర్వాత వెళ్లిపోయారు.

అక్క నా భుజం తట్టింది. "పోతూ ఆగాడు కదా, ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు," అన్నాను.

"అంటాడేమోనని చూశాను," అంది అక్క. కాసేపు తలుపు వైపే చూసి, "పద, ఆకలేస్తోంది," అంటూ లేచింది.